ఎత్తిపోసిన ఇసుక మళ్లీ రోడ్డు మీదికే వస్తోంది, ఇసుక దిబ్బ నిజంగా నడుస్తుందా?

#1 · జగిత్యాల_లోడర్ · జూలై 6
సౌదీలో అల్-హసాకు దక్షిణంగా, జఫూరా ఎడారి అంచున పని చేస్తున్నా. వీల్ లోడర్ ఆపరేటర్‌ని. మూడేళ్లుగా ఒకటే పని, రోడ్డు మీద పడ్డ ఇసుక ఎత్తి పక్కన పోయడం. రోడ్డు తూర్పు పడమరలుగా పోతుంది. దానికి ఉత్తరాన చదునుగా, గట్టిగా, ఉప్పు తేలిన నేల. ఇక్కడివాళ్లు సబ్ఖా అంటారు. ఆ నేల మీద అక్కడొకటి ఇక్కడొకటి కొడవలి ఆకారంలో ఇసుక దిబ్బలు. వాటి రెండు కొమ్ములూ రోడ్డు వైపే చూస్తుంటాయి, పొడవడానికి వచ్చే ఎద్దుల్లా.

శనివారం ఊడ్చి పెడితే మళ్లీ శనివారానికి అంతే. ఈ రెండు నెలలూ షమాల్ గాలి లేస్తుంది, అప్పుడు రోజుకు రెండుసార్లు ఎత్తాలి. విసుగొచ్చి పోయిన ఏడాది మే నెలలో ఒక దిబ్బ ముందు ఇనుప రాడ్ పాతి కొలవడం మొదలుపెట్టా. దిబ్బ నాకు రెండింతల ఎత్తు ఉంటుంది. 14 నెలల్లో 22 మీటర్లు ముందుకొచ్చింది. ఆకారం మాత్రం మొదటి రోజు తీసిన ఫొటోలో ఎలా ఉందో ఇప్పుడూ అచ్చం అలాగే ఉంది.

ఇంత పెద్ద గుట్ట మొత్తం ఎలా జరుగుతుంది? జరిగితే ఆకారం ఎందుకు చెదరదు? రోడ్డు పక్కనే ఫెన్సింగ్ కూడా వేశారు, ఏం లాభం లేదు. మా ఫోర్‌మన్‌ను అడిగితే "ఎడారి ఇంతే, జీతం వస్తోందిగా" అంటాడు.

#2 · పెసరట్టు_ప్రియుడు · జూలై 6
మా వీధిలో ఎవరో ఇల్లు కడతామని పోసిన ఇసుక మూడేళ్లుగా అంగుళం కదల్లేదు. మీ గాలిని కాస్త ఇటు పంపండి.

#3 · సిక్కోలు_జవాన్ · జూలై 6
జైసల్మేర్ సరిహద్దులో నాలుగేళ్లు డ్యూటీ చేశాను. దిబ్బ నడుస్తుంది, అందులో డౌటే లేదు. మే, జూన్‌లో వారం రోజులు ఆంధీ (ఇసుక దుమారం) వస్తే ముళ్ల కంచె సగం మునిగిపోయేది. ఇసుక తోడడం మా డ్యూటీలో భాగమే.

కానీ తమ్ముడూ, కొమ్ముల విషయంలో నువ్వు పొరపాటు పడ్డావు. కొమ్ములు గాలి వచ్చే వైపు ఉంటాయి. అక్కడ ఎండాకాలం అంతా నైరుతి గాలి. దిబ్బల చేతులు నైరుతి వైపు చాచి ఉంటాయి. నాలుగేళ్లు చూశాను. నువ్వు దిక్కు తప్పు చూస్తున్నావేమో.

#4 · జగిత్యాల_లోడర్ · జూలై 6
దిక్కు తప్పడం ఇక్కడ కుదరదన్నా. నాతో గదిలో ఉండే నలుగురూ రోజుకు ఐదుసార్లు నమాజుకు కిబ్లా (మక్కా దిక్కు) చూసుకునేవాళ్లే. షమాల్ అంటేనే ఉత్తరం. గాలి ఉత్తరం నుంచి, కొంచెం వాయవ్యం కలిసి వస్తుంది. కొమ్ములు దక్షిణానికి ఉన్నాయి. అంటే గాలి పోయే వైపు.

#5 · సిక్కోలు_జవాన్ · జూలై 6
నాలుగేళ్లు తమ్ముడూ, నాలుగేళ్లు.

#6 · హగరి_ఒడ్డు · జూలై 7
ఇసుక నడవడం చూడాలంటే సౌదీ దాకా, జైసల్మేర్ దాకా పోనక్కర్లేదు. మాది అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం. వేదవతిని మేం హగరి అంటాం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఎండే ఉంటుంది. ఆషాఢం గాలి మొదలైతే ఏట్లో ఇసుక లేచి నేరుగా మా చేలలోకి వస్తుంది. దర్గా హొన్నూరు వైపు వెళ్తే దిబ్బలు చూసి రాజస్థాన్ అనుకుంటారు.

మా తాత కాలంలో నదికి ఇవతల మూడెకరాల చేను ఉండేది. ఇప్పుడు పాస్‌బుక్‌లో చేను, నేల మీద దిబ్బ. శిస్తు కట్టింది మేం, పంట పండించుకుంది గాలి.

#7 · పెసరట్టు_ప్రియుడు · జూలై 7
నవ్వాలో ఏడవాలో తెలియని పోస్టు పెట్టారు #6లో.

#8 · రాళ్ల_టీచర్ · జూలై 7
డిగ్రీ కాలేజీలో పాతికేళ్లు భూగర్భ శాస్త్రం చెప్పాను. #1 వంటి ప్రశ్న క్లాసులో ఒక్కరూ అడగలేదు, రాడ్ పాతి కొలవడం సంగతి సరే సరి. కాస్త పెద్ద జవాబే ఇస్తాను.

ముందు గింజ సంగతి. దిబ్బలోని ఇసుక గింజలు చాలావరకు 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. అంతకంటే బాగా సన్నని ధూళి అయితే గాలిలో తేలి వందల కిలోమీటర్లు పోతుంది. ఇసుక అలా తేలలేదు, గెంతుతుంది. గాలి గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటితే గింజ లేచి, కొంత దూరం గాలితో పాటు పోయి, ఏటవాలుగా నేలను తాకుతుంది. తాకిన చోట మరికొన్ని గింజలు చెదిరి లేస్తాయి. క్యారమ్‌లో స్ట్రైకర్ తగిలి కాయిన్స్ చెదిరినట్టు. ఈ గెంతులాట దాదాపు అంతా మోకాలి ఎత్తులోపే. గాలిదుమారంలో మీ కాళ్లకు సూదులు గుచ్చినట్టు ఉండి, ముఖానికి అంత తగలకపోవడానికి కారణం అదే. లేవలేనంత బరువున్న గింజలు ఈ దెబ్బలకు నేల మీద దొర్లుతూ పోతాయి. కదిలే ఇసుకలో నాలుగో వంతు ఇలా దొర్లేదేనని బాగ్నాల్డ్ లెక్క.

రాల్ఫ్ బాగ్నాల్డ్ అంటే బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920ల చివర, 1930లలో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో కార్లేసుకుని తిరిగాడు. ఆ పిచ్చి తీరక ఇంగ్లండ్‌కు వెళ్లి, గాలి సొరంగం కట్టుకుని అందులో ఇసుక ఊది చూశాడు. 1941లో పుస్తకం వేశాడు. ఇవాళ్టికీ మా శాస్త్రంలో ఎవరైనా అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆయన చెప్పినదాంట్లో మీకు పనికొచ్చేది ఒకటుంది. గాలి వేగం రెట్టింపైతే కదిలే ఇసుక రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. కాబట్టి ఏడాదంతా వీచే పిల్లగాలి కంటే నాలుగు రోజుల షమాలే మీకు ఎక్కువ పని పెడుతుంది.

ఇక దిబ్బ. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా పైకి లేస్తూ, ఎక్కడానికి వీలుగా ఉంటుంది. గింజలు ఆ వాలు మీద గెంతుతూ శిఖరం చేరతాయి. శిఖరం దాటగానే గాలికి పట్టు పోతుంది, గింజలు అక్కడే పడతాయి. పడగా పడగా పైన బరువెక్కి ఒక్కసారి జారుతుంది. కళ్లంలో వడ్లు పోస్తే రాశి ఒక వాలు వరకే నిలుస్తుంది, ఇంకో తట్ట పోస్తే అంచున జారుతుంది, చూశారు కదా. ఎండు ఇసుకకు ఆ వాలు 32 నుంచి 34 డిగ్రీలు. దిబ్బ ఎంత పెద్దదైనా, ఏ దేశంలో ఉన్నా ఆ జారుడు వాలు అంతే ఉంటుంది.

అంటే గాలి చేసేదీ మీ లోడర్ పనే. వెనక ఎత్తి ముందు పోస్తోంది. గుట్ట మొత్తాన్ని ఎవరూ తొయ్యడం లేదు.

#9 · సందేహం_నంబర్1 · జూలై 7
మేడమ్, పైపైన ఉన్నవి కదిలితే లోపల పూడిపోయిన గింజలు ఏమవుతాయి?

#10 · రాళ్ల_టీచర్ · జూలై 7
ఏమీ కావు. ముందు వైపు జారి పూడిపోయిన గింజ అక్కడే పడి ఉంటుంది. దిబ్బ దాని మీదుగా దాటిపోయాక వెనక వైపు బయటపడుతుంది. మళ్లీ గాలికి దొరుకుతుంది, మళ్లీ వాలు ఎక్కుతుంది.

#11 · జగిత్యాల_లోడర్ · జూలై 8
మేడమ్ ఇది చదివాక నాకు మా క్యాంపు ఫ్లాస్క్ గుర్తొచ్చింది. పోయిన ఏడాది మార్చిలో మా బంగ్లాదేశీ వంటాయన మాకు చాయ్ తెచ్చి, ఇదే దిబ్బ కింద నీడలో ఫ్లాస్క్ పెట్టి మర్చిపోయాడు. ఆ రాత్రి గాలి లేచింది. తెల్లారి చూస్తే లేదు. ఎవరో ఎత్తుకుపోయారని మూడు నెలలు మా గది మీద అనుమానం. అది కూడా వెనక నుంచి బయటికి వస్తుందా?

#12 · రాళ్ల_టీచర్ · జూలై 8
వస్తుంది. దిబ్బ పొడవు, అంటే గాలి వచ్చే వైపు మొదలు నుంచి జారుడు వాలు కింది దాకా ఎన్ని అడుగులు ఉందో నడిచి చెప్పండి.

#13 · జగిత్యాల_లోడర్ · జూలై 8
ఎండ దిగాక వెళ్లి అంగలతో కొలిచా. అటూ ఇటూగా 100 అడుగులు. మా పాకిస్తానీ డ్రైవర్ నాకు పిచ్చెక్కిందని వీడియో తీశాడు.

#14 · రాళ్ల_టీచర్ · జూలై 8
100 అడుగులంటే 30 మీటర్లు. మీ రాడ్ లెక్క ప్రకారం దిబ్బ ఏడాదికి 19 మీటర్లు జరుగుతోంది. పూర్తిగా దాటడానికి 19 నెలలు. పోయిన మార్చి నుంచి లెక్కేస్తే ఈ అక్టోబర్‌లో వెనక వైపు చూడండి.

#15 · పెసరట్టు_ప్రియుడు · జూలై 8
కొరియర్ వాళ్ల కంటే నయం, కనీసం నెల చెప్పారు.

#16 · సిక్కోలు_జవాన్ · జూలై 8
ఫ్లాస్క్ సరే మేడమ్, కొమ్ముల సంగతి తేల్చండి. నేను కళ్లతో చూసింది అబద్ధమా?

#17 · రాళ్ల_టీచర్ · జూలై 9
ఇద్దరూ చూసింది నిజమే. మీరు చూసిన దిబ్బలు వేరు, ఆయన చూస్తున్నవి వేరు.

లోడర్ గారి దగ్గర ఉన్నదాన్ని బర్ఖాన్ అంటారు. తుర్కిక్ భాషల మాట. గట్టి నేల, ఇసుక కొరత, ఏడాదంతా దాదాపు ఒకే వైపు గాలి, మొక్క అనేది లేకపోవడం, ఈ నాలుగూ కలిస్తే ఇది పుడుతుంది. మధ్యలో దిబ్బ ఎత్తు ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఎత్తు తక్కువైన చోట ముందుకు జరగడానికి తక్కువ ఇసుక చాలు, కాబట్టి అంచులు ముందుకు ఉరుకుతాయి. అవే కొమ్ములు. అవి గాలి పోయే వైపు చూస్తాయి.

థార్‌లో గడ్డీ గాదం, పొదలు ఉంటాయి. ఏటా కొన్ని వానలు పడతాయి. అంచుల్లో ఇసుక పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ మొక్కలు వేళ్లూని పట్టేసుకుంటాయి. మధ్యలో ఎత్తుగా ఉండి, పైన ఇసుక కదులుతూ ఉంటే మొక్క నిలవదు. మధ్య భాగం ముందుకు పోతుంది, చేతులు వెనక ఉండిపోతాయి. చూడ్డానికి అదే కొడవలి, తిరగేసి పెట్టినట్టు ఉంటుంది. దీన్ని పారాబొలిక్ దిబ్బ అంటారు. ప్రపంచంలో ఇవి బాగా విస్తారంగా ఉన్న చోట్లలో థార్ ఒకటి.

పరుగు పందెంలో అంచుల వాళ్లు ముందున్నారా వెనకున్నారా అన్నదే తేడా. ఎవరి కాళ్లు మొక్కలకు చిక్కుకున్నాయో చూడాలి.

#18 · సిక్కోలు_జవాన్ · జూలై 9
ఒప్పుకుంటున్నాను. తమ్ముడూ, దిక్కు తప్పావన్న మాట వెనక్కి తీసుకున్నా. అక్కడ దిబ్బను 'టీబా' అంటారు, ఇంకొందరు 'ధోరా' అంటారు. మన దిబ్బ, వాళ్ల టీబా దగ్గర దగ్గరగా ఉన్నాయని అప్పట్లో నవ్వుకునేవాళ్లం. ఆ దిబ్బల మధ్య ఖేజ్డీ చెట్లుండేవి. దగ్గరికి వెళ్లి చూస్తే మన జమ్మి చెట్టే. దసరా నాడు పోస్టు దగ్గరున్న దానికే పూజ చేసుకున్నాం.

#19 · జగిత్యాల_లోడర్ · జూలై 9
మా తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, రాజస్థాన్‌కు కూడా అదే. బతుకుదెరువుకు అందరం ఎడారికి పోతాం కాబట్టి కరెక్టే పెట్టారు.

#20 · కోడ్_కాకరకాయ · జూలై 9
#17లో "తక్కువ ఎత్తుంటే త్వరగా జరుగుతుంది" అన్నారు. నాకు ఉల్టాగా ఉండాలనిపిస్తోంది. పెద్ద దిబ్బకు గాలి ఎక్కువ తగులుతుంది కదా?

#21 · రాళ్ల_టీచర్ · జూలై 9
శిఖరం దగ్గర గాలి కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ గోడ కట్టే పని అనుకోండి. అదే కూలీలు, రోజుకు మోసేది అవే ఇటుకలు. మూడడుగుల గోడ, తొమ్మిదడుగుల గోడ, ఏది పొడవు త్వరగా సాగుతుంది? దిబ్బ ఒక మీటరు ముందుకు జరగాలంటే జారుడు వాలును పైనుంచి కింది దాకా ఒక మీటరు మందాన నింపాలి. ఎత్తు మూడింతలైతే అదే గాలికి వేగం దాదాపు మూడో వంతు.

#22 · జగిత్యాల_లోడర్ · జూలై 10
అమ్మయ్య. ఈ దిబ్బ వెనక 200 మీటర్ల దూరంలో దీనికి మూడింతలది ఇంకొకటుంది. దాన్ని చూస్తేనే టెన్షన్. ఏడాదికి ఆరు మీటర్లు అనుకుంటే 30 ఏళ్ల పైమాటే. అప్పటికి నా అఖామా (ఇక్కడ ఉండే పర్మిట్) ఎలాగూ ఉండదు.

#23 · కోడ్_కాకరకాయ · జూలై 10
చిన్నవి వేగంగా, పెద్దవి మెల్లగా పోతే మరి గుద్దుకోవా అని వెతికాను. 2003లో ష్వామ్లే, హెర్మాన్ అనే ఇద్దరు కంప్యూటర్‌లో లెక్కగట్టి నేచర్ పత్రికలో రాశారు. చిన్న బర్ఖాన్ వెనక నుంచి వచ్చి పెద్దదాన్ని తాకితే కొన్నిసార్లు దానిలో కలిసిపోతుంది, కొన్నిసార్లు పెద్దదాని ముందు నుంచి చిన్నది మళ్లీ బయటికొచ్చి తన దారిన పోతుంది. దాటిపోయినట్టే కనిపిస్తుంది. కానీ బయటికొచ్చేది పాత ఇసుక కాదు. వెనక చేరిన చిన్నది పెద్దదై నెమ్మదిస్తే, పెద్దది చిన్నదై ముందుకు పోతుంది.

2020లో కేంబ్రిడ్జ్ వాళ్లు గుండ్రని నీళ్ల తొట్టిలో రెండు దిబ్బలు చేసి తిప్పారు. వెనకున్న దిబ్బను దాటిన నీటిలో సుడులు లేచి, ముందున్నదాన్ని దూరంగా నెట్టాయట. అంటే దగ్గరికి వస్తే తోసుకుంటాయి.

#24 · పెసరట్టు_ప్రియుడు · జూలై 10
#23 మొదటి పేరా మా ఆఫీసులో ప్రమోషన్ల కథ, రెండో పేరా తోడికోడళ్ల కథ.

#25 · సందేహం_నంబర్1 · జూలై 10
అసలు మొదటి దిబ్బ ఎలా మొదలవుతుంది? రాయో రప్పో అడ్డు ఉండాలా?

#26 · రాళ్ల_టీచర్ · జూలై 10
పొద, రాయి, చచ్చిన ఒంటె, ఏదున్నా దాని చాటున ఇసుక చేరుతుంది. కానీ అడ్డు అక్కర్లేదు కూడా. గట్టి నేల మీద గింజ బంతిలా ఎగిరి ముందుకు పోతుంది. మెత్తని ఇసుక మీద పడితే దెబ్బ నేలలో ఇంకిపోతుంది, గెంతు తగ్గుతుంది. కాబట్టి ఎక్కడ కాస్త ఇసుక మరక ఉంటే అక్కడే ఇంకొంత ఆగుతుంది. అది ఒక మీటరు ఎత్తు దాటాక ముందు వైపు జారుడు వాలు ఏర్పడి నిజమైన దిబ్బ అవుతుంది. అంతకంటే బుల్లివి నిలవలేవు, గాలి వాటిని ఊడ్చేస్తుంది.

#27 · హగరి_ఒడ్డు · జూలై 11
నేనొకటి అడగాలనుకుంటున్నా. లోడర్ అన్నా, రోడ్డు మీద ఎత్తిన ఇసుక ఎటు వైపు పోస్తున్నారు?

#28 · జగిత్యాల_లోడర్ · జూలై 11
ఉత్తరం వైపు. దక్షిణం వైపు రోడ్డు వారన పైప్‌లైన్ ఉంది, అక్కడ పోయొద్దని ఆర్డర్.

#29 · హగరి_ఒడ్డు · జూలై 11
గాలి ఉత్తరం నుంచే వస్తోందని #4లో మీరే అన్నారు!

#30 · పెసరట్టు_ప్రియుడు · జూలై 11
మూడేళ్లుగా అదే ఇసుకకు జీతం తీసుకుంటున్నాడు. ఇంతకంటే పర్మనెంట్ ఉద్యోగం ఉందా?

#31 · జగిత్యాల_లోడర్ · జూలై 11
తల పట్టుకుని కూర్చున్నా. మూడేళ్లలో మాలో ఒక్కరికీ తట్టలేదు.

#32 · రాళ్ల_టీచర్ · జూలై 11
మీరొక్కరే కాదు, బాధపడకండి. ఇంకో విషయం, ఫెన్సింగ్ కూడా రోడ్డు పక్కనే అన్నారు. ఇసుక కంచె గాలిని ఆపడానికి కాదు, మందగించేలా చేయడానికి. సగం సందులుండే కంచె వెనక, దాని ఎత్తుకు పదింతల దూరం దాకా ఇసుక రాలుతుంది. మీ కంచె ఎత్తు ఒకటిన్నర మీటరు అయితే 15 మీటర్ల దాకా. రోడ్డు ఆ 15 మీటర్లలోనే ఉంది. గాలి ఎక్కడ దించాలా అని చూస్తుంటే మీరు రోడ్డు మీదే దించుకుంటున్నారు. కంచె రోడ్డుకు కనీసం 30, 40 మీటర్ల అవతల ఉండాలి. నిండిపోతే దానిపైన ఇంకో వరుస వేయాలి.

చైనాలో బావోతౌ-లాన్‌జౌ రైలు మార్గం 1958లో మొదలైంది. షాపోతౌ దగ్గర అది దిబ్బల మీదుగా పోతుంది. అక్కడ ఎండుగడ్డిని ఒక మీటరు గళ్లుగా, చదరంగం పలకలా ఇసుకలో గుచ్చారు. గడ్డి ఎత్తు జానెడే. గింజల గెంతులాట నేలకు దగ్గరే జరుగుతుంది కాబట్టి అది చాలింది. గళ్లలో తర్వాత పొదలు నాటారు. రైళ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి.

#33 · హగరి_ఒడ్డు · జూలై 11
మా తాత కంది కట్టె, జొన్న దంట్లు వరుసలుగా పాతేవాడు, గాలికి అడ్డంగా. ఏటి గట్టు మీద రెల్లు దుబ్బులు కొట్టనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక కట్టెలు పొయ్యిలోకి పోయాయి, రెల్లు పందిళ్లకు పోయింది. రెండేళ్లలో చేనులోకి ఇసుక వచ్చింది. చైనా వాళ్ల చదరంగం గురించి చదువుతుంటే ఆయన మీద కోప్పడ్డ రోజులు గుర్తొస్తున్నాయి.

#34 · సందేహం_నంబర్1 · జూలై 12
అంత ఇసుక ఉంటే లారీలకెత్తి అమ్ముకోవచ్చుగా? ఇక్కడ ట్రాక్టర్ ఇసుకకు ఆస్తులు రాయాల్సి వస్తోంది.

#35 · జగిత్యాల_లోడర్ · జూలై 12
కాంక్రీట్‌కు ఇది పనికిరాదు. పిండిలా సన్నగా, గింజలన్నీ ఒకే సైజులో నున్నగా ఉంటాయి. సిమెంట్ ఎక్కువ తాగుతుంది. ఇక్కడి ప్లాంట్లలో రాయి పొడి చేసిన ఇసుక ఎక్కువగా వాడతారు. చుట్టూ ఇసుక పెట్టుకుని ఇసుక కొనుక్కునే దేశం ఇది.

#36 · పెసరట్టు_ప్రియుడు · జూలై 12
మన దగ్గరైతే ఆ దిబ్బ కదిలే ముందే రాత్రికి రాత్రి మాయమయ్యేది.

#37 · మోడరేటర్ · జూలై 12
ఇసుక ధరలు, ర్యాంపులు, ఏ ప్రభుత్వంలో ఎంత అన్న పోస్టులు తొమ్మిది తీసేశాను. దానికి వేరే చోటుంది. ఇక్కడ దిబ్బల గురించే మాట్లాడండి.

#38 · వైజాగ్_కుర్రాడు · జూలై 13
మా భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కూడా ఇలా పుట్టినవేనా? అవి ఏటా ఎంత జరుగుతాయి?

#39 · రాళ్ల_టీచర్ · జూలై 13
అవి జరగవు, ఆగిపోయి వేల ఏళ్లయింది. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి పోయడం వాటి కథలో ఒక భాగం. వాగులు తెచ్చి వేసిన పొరలు కూడా ఉన్నాయి. తర్వాత గింజల మీద ఇనుము తుప్పు పూత పట్టి ఎర్రబడింది. ఇప్పుడు మీకు కనిపించే లోయలు, గట్లు వాన నీరు కోసినవి. వాటిని దిబ్బల శిలాజం అనుకోండి.

#40 · వైజాగ్_కుర్రాడు · జూలై 13
సినిమా షూటింగులకు మాత్రం బాగా కదిలొస్తారు జనం.

#41 · జగిత్యాల_లోడర్ · జూలై 14
నిన్న రుబ్ అల్ ఖాలీ వైపు ట్యాంకర్‌తో పోయొచ్చా. అక్కడ కొడవళ్లు లేవు. పొడవాటి గట్లు, కిలోమీటర్ల కొద్దీ గీత గీసినట్టు. వాటిని ఉరూక్ అంటారని డ్రైవర్ చెప్పాడు, అరబ్బీలో రక్తనాళాలని అర్థమట. గాలి అక్కడ వేరుగా వీస్తుందా?

#42 · రాళ్ల_టీచర్ · జూలై 14
రెండు వైపుల నుంచి మారి మారి వీచే గాలులు అలాంటి పొడవు గట్లను పెంచుతాయి. కాసేపు ఎడమ నుంచి, కాసేపు కుడి నుంచి తోస్తే ఇసుక ఆ రెంటి మధ్య దిక్కుకు సాగుతుంది. కొన్నిటి శిఖరం పదునుగా, వంకర తిరిగి ఉంటుంది. వాటికి 'సైఫ్' అని పేరు, అరబ్బీలో కత్తి. ఇసుక బాగా ఉండి గాలి ఒకే వైపైతే అడ్డంగా అలల్లా వరుసలు పడతాయి. గాలి అన్ని వైపుల నుంచీ వస్తే దిబ్బ ఎటూ పోలేక పైకి పెరుగుతుంది, చేతులు నక్షత్రంలా అన్ని దిక్కులకూ చాస్తుంది.

మొరాకోలో ఎర్గ్ షెబ్బీ దగ్గర లాలా లాలియా అనే నక్షత్ర దిబ్బ ఉంది. ఎత్తు సుమారు 100 మీటర్లు. గింజలు చివరిసారి ఎండ ఎప్పుడు చూశాయో కొలిచే పద్ధతి ఒకటుంది. దానితో 2024లో లెక్క తేల్చారు. అడుగు భాగం వయసు 13,000 ఏళ్లు, కానీ ఇప్పుడున్న దిబ్బ పెరిగింది చాలావరకు గత వెయ్యేళ్లలోనే. అంత పెద్దదీ ఏడాదికి అర మీటరు పడమరకు జరుగుతోంది.

#43 · కోడ్_కాకరకాయ · జూలై 14
అంగారకుడి మీద కూడా బర్ఖాన్లు ఉన్నాయి. అక్కడి గాలి సాంద్రత మన దాంట్లో నూటికి ఒకటి రెండు వంతులే. ఉపగ్రహ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే అవీ జరుగుతున్నాయి. లోడర్ అన్నకు అక్కడ కూడా ఉద్యోగం గ్యారంటీ.

#44 · జగిత్యాల_లోడర్ · జూలై 14
అఖామా ఎవరిస్తారో చెప్పు, వస్తా.

ఇంకొకటి మేడమ్, నిన్న అక్కడ పెద్ద దిబ్బ మీద నుంచి మావాడు జారుతుంటే లోపల నుంచి విమానం పోతున్నట్టు చప్పుడొచ్చింది. ఒక నిమిషం పాటు. జిన్ను అని డ్రైవర్ బండి ఎక్కేశాడు. నేనూ ఎక్కేశాను, అబద్ధం ఎందుకు.

#45 · రాళ్ల_టీచర్ · జూలై 14
అదృష్టవంతులు. నేను పుస్తకాల్లో చదివాను, మీరు విన్నారు. బాగా ఎండిన, ఒకే సైజు గింజలు జారుడు వాలు మీద పొరగా జారినప్పుడు దిబ్బ అలా మోగుతుంది. సెకనుకు 70 నుంచి 110 కంపనాల దాకా, అంటే బొంగురు గొంతు. కొద్ది దిబ్బలకే ఆ గుణం ఉంటుంది. తేమ తగిలితే మూగబోతుంది.

#46 · జగిత్యాల_లోడర్ · ఆగస్టు 2
అప్‌డేట్. ఫోర్‌మన్‌తో మాట్లాడా. మొదట నవ్వాడు. రాడ్ లెక్కలు, ఫొటోలు చూపించా. పైప్‌లైన్ రోడ్డు నుంచి విడిపోయే చోటు తూర్పున 300 మీటర్ల దూరంలో ఉంది. ఇప్పుడు ఇసుకను టిప్పర్‌లో వేసి అక్కడ దక్షిణాన పోస్తున్నాం. డీజిల్ ఎక్కువవుతోందని గొణుగుతున్నాడు గానీ, ఈ మూడు వారాల్లో ఎత్తిన ట్రిప్పులు సగానికి తగ్గాయి. షమాల్ కూడా కొంచెం తగ్గింది కాబట్టి పేరు మొత్తం నాకే ఇవ్వలేను. కంచె జరపడానికి పై నుంచి పర్మిషన్ రావాలి.

#47 · హగరి_ఒడ్డు · ఆగస్టు 2
మీ దగ్గర పర్మిషన్ అడగడానికి ఒక ఫోర్‌మన్ అయినా ఉన్నాడు. నేను ఈసారి ఏటి వైపు గట్టున కంది కట్టె నాలుగు వరుసలు పాతాను. పక్క చేను వాళ్లు కూడా రెండు వరుసలు పాతారు. వచ్చే ఆషాఢానికి తెలుస్తుంది.

#48 · పెసరట్టు_ప్రియుడు · అక్టోబర్ 28
అక్టోబర్ అయిపోవస్తోంది. ఫ్లాస్క్ ఎక్కడ?

#49 · జగిత్యాల_లోడర్ · అక్టోబర్ 29
వారానికోసారి చూస్తున్నా. లేదు. వంటాయన మళ్లీ మా గది వైపు అదోలా చూస్తున్నాడు.

#50 · రాళ్ల_టీచర్ · అక్టోబర్ 29
నా లెక్క సగటు వేగం మీద వేసింది. షమాల్ పోయాక దిబ్బ నెమ్మదిస్తుంది. ఓపిక పట్టండి.

#51 · జగిత్యాల_లోడర్ · డిసెంబర్ 9
దొరికింది!! దిబ్బ వెనక మొదట్లో, స్టీలు మూత ఒక్కటే బయటికి తేలి ఎండకు మెరుస్తోంది. చేత్తో తవ్వి తీశా. లోపల ఉన్నంత వరకు రంగు కొత్తదానిలా ఉంది, బయటపడ్డ మూత మాత్రం గరగరలాడుతోంది, ఇసుక కాగితంతో రుద్దినట్టు. ఊపితే లోపల చాయ్ చప్పుడవుతోంది. 21 నెలలు. మూత తీయడానికి క్యాంపులో ఎవరూ ముందుకు రావట్లేదు.

#52 · పెసరట్టు_ప్రియుడు · డిసెంబర్ 9
చక్కెర సరిపోయిందో లేదో ఎవరైనా చూడాలి కదా.